దోమను చూపించిన మనిషి

(హైదరాబాద్‌లో పీజీ వైద్య విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థులు, ల్యాబ్ సిబ్బంది కలిసి కూర్చున్న సభలో ఒక జనరల్ మెడిసిన్ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ప్రొఫెసర్లు కూర్చున్నారు, వెనక వరసల్లో ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సింగ్ అమ్మాయిలు. నేను ఇవాళ వెనక వరసలవాళ్ల గురించే ఎక్కువ మాట్లాడతాను. వాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు సరిచేయిద్దాం.

ఈరోజు ఆగస్టు 20. 1897లో ఇదే రోజున, మన సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర, రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి మైక్రోస్కోపు కింద పెట్టి, దాని గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టుకున్నాం. జనం మాత్రం ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట మన నోళ్లలో పడి కోరంటి అయింది. నాకు ఆ పేరే ఇష్టం.

ఈ కథ చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఇందులో రెండు సంగతులు మాత్రం మనం పిల్లలకు చెప్పం. ఒకటి, రాస్ దాదాపు రెండేళ్ల పాటు వేరే దోమలను కోస్తూ కూర్చున్నాడు. ఆయన సైన్యంలో డాక్టరు. కీటకాల శాస్త్రం చదువుకోలేదు. ఏ దోమ ఏ జాతిదో తెలియక, గోధుమ రంగుది, చారలది, మచ్చల రెక్కలది అని తనే పేర్లు పెట్టుకున్నాడు. లండన్‌లో ఉన్న తన గురువు, వైద్యుడు ప్యాట్రిక్ మాన్సన్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. దోమల గురించి తెలిసిన ఒక్క మనిషి పక్కన ఉండుంటే ఆ రెండేళ్లలో ఎంత కాలం మిగిలేదో!

రెండోది నన్ను ఎక్కువగా పట్టుకున్న సంగతి. తోక పైకెత్తి గోడ మీద కూర్చున్న చిన్న దోమను ఆయనకు ముందుగా చూపించింది ఆసుపత్రిలో పనిచేసే ఒక అసిస్టెంటు. ఆ కూర్చునే తీరే మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ గుర్తు. చాలా ఏళ్ల తర్వాత రాస్ తన జ్ఞాపకాలు రాసుకుంటూ ఆ సంగతి ఒప్పుకున్నాడు, అతని పేరు మరిచిపోయానని బాధపడ్డాడు. దోమకు ఒక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్ పేరు మిగిలింది. దోమను చూపించిన మనిషి పేరు మిగల్లేదు.

ముప్ఫై ఏళ్లుగా జ్వరాలు చూస్తున్నాను. జవాబు తెలిసిన మనిషి చాలాసార్లు ఆ ఆసుపత్రిలోనే ఉంటాడు, మనం అడగం, అంతే. కేసు చర్చల్లో నేను నేర్చుకున్నదల్లా ఆ మనిషిని అడగడమే. ఒక కేసు చెప్తాను. రోగిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. నల్గొండ వైపు. షుగరు ఎనిమిదేళ్లుగా ఉంది, మందులు ఒక నెల వేసుకుంటే రెండు నెలలు మానేస్తాడు. వచ్చింది సెప్టెంబర్‌లో. నేను అడిగితే చెప్పిన మొదటి మాట, "జెరమొచ్చి రెండు నెల్లాయె మేడం, సూదులు ఏస్తే తగ్గుతది, మల్ల వస్తది." బరువు బాగా తగ్గాడు, దగ్గుంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పై భాగంలో మచ్చ.

మీలో ఎంతమందికి ఈపాటికే టీబీ అన్న మాట తోచింది? చూశారా, సగం మంది. తప్పు లేదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఎక్స్‌రే పై భాగంలో మచ్చ, బరువు తగ్గడం, షుగరు, అన్నీ అటే చూపిస్తున్నాయి. కళ్లె పరీక్ష నెగెటివ్ వచ్చింది. టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షా నెగెటివ్. అయినా టీబీ మందులు మొదలుపెట్టాం. మొదలుపెట్టింది నేనే. మూడు వారాలైనా జ్వరం అలాగే ఉంది. అల్ట్రాసౌండ్‌లో ప్లీహంలో చిన్న చిన్న చీము గడ్డలు కనిపించాయి. ప్లీహానికి కూడా టీబీ పాకిందని కేసు షీట్‌లో రాసుకున్నాం. ఒకసారి మనసు ఒక పేరుకు కట్టుబడిందంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి రిపోర్టునూ ఆ పేరుకే సరిపెట్టుకుంటూ పోతాం.

ఆ కేసు షీట్‌లో మూడో పేజీలో రక్తంలోని క్రిములను పెంచి చూసే బ్లడ్ కల్చర్ రిపోర్టు ఒకటి ఉంది. "సూడోమొనాస్ జాతి, బహుశా బయటి నుంచి కలిసిన క్రిమి." రౌండ్స్‌లో ఎవరో చదివారు. నేను విన్నాను. ముందుకు వెళ్లిపోయాం.

శుక్రవారం మధ్యాహ్నం కేసు చర్చ. అప్పటిదాకా మా దగ్గర ఆ చర్చ అంటే మెడిసిన్ వాళ్లం మాలో మేం మాట్లాడుకోవడమే. ఆ వారం మైక్రోబయాలజీ ప్రొఫెసర్‌ను పిలిచాం. ఆయన తనతోపాటు, ల్యాబు బెంచి మీద ఆ క్రిమి పెరిగిన ప్లేటు చూసిన టెక్నీషియన్ అమ్మాయిని తీసుకొచ్చారు. ఆ రోజు అంతా మారింది ఆ ఒక్కదానివల్లే. ఆ అమ్మాయి గోడ పక్కన నిలబడింది, కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

పీజీ కేసు చదివాడు. ప్రొఫెసర్ వెనక్కి తిరిగి, "ఆ ప్లేటు ఎలా ఉందమ్మా?" అని అడిగారు. ఆ అమ్మాయి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "మొదటి రోజు మామూలుగానే ఉంది సార్. మూడో రోజుకి కాలనీలు ఎండిపోయి, ముడతలు పడ్డాయి. ఇంకోటి సార్, జెంటామైసిన్, కోలిస్టిన్ రెండూ పనిచేయట్లేదు, అమాక్సిక్లావ్ మాత్రం పనిచేస్తోంది. సూడోమొనాస్ అయితే అటుది ఇటు ఉండాలి కదా సార్?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మామూలుగా ఆసుపత్రుల్లో మనం చూసే సూడోమొనాస్ ఏరుగినోసా మీద అమాక్సిక్లావ్ అస్సలు పనిచేయదు, కోలిస్టిన్, జెంటామైసిన్ చాలాసార్లు పనిచేస్తాయి. ఇక్కడ సరిగ్గా తిరగబడి ఉంది. అలా తిరగబడే క్రిమి ఒకటుంది. బర్క్‌హోల్డేరియా సూడోమల్లై. అది తెచ్చే జబ్బు మెలియాయిడోసిస్. 1911లో రంగూన్‌లో ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి కలిసి దాన్ని గుర్తించారు. పుస్తకాల్లో విట్‌మోర్ జబ్బు అని రాస్తారు. కృష్ణస్వామి మనవాడు. ఆయన పేరు కూడా కలిపి పలకండి.

అప్పుడు నేను పీజీని అడిగాను, రోగి వృత్తి ఏంటని. షీట్‌లో "కూలీ" అని ఉంది. వార్డు సిస్టర్, ఆవిడ వయసులో నాకన్నా పెద్దావిడ, నెమ్మదిగా అంది: "కూలీ కాదు మేడం, రెండెకరాల కౌలు రైతు. జులైలో కరిగెట్ల దిగి పొలం కలిపిండట. మడిమ పగిలి పుండై ఉండె, అది మానిన తర్వాతే జరం మొదలైందని చెప్తుండు." ఆ సంగతి ఆవిడకు ఎలా తెలిసింది? రాత్రి డ్యూటీలో ఇన్సులిన్ ఇస్తూ మాట్లాడింది. మేం ఐదుగురు డాక్టర్లం అతని చరిత్ర రాసుకున్నాం, ఐదుసార్లూ "కూలీ" అనే రాశాం.

ఈ క్రిమి నేలలో, వరి మడి బురదలో ఉంటుంది. వానాకాలంలో పైకి వస్తుంది. పుండులోంచి, కొన్నిసార్లు ఊపిరితో, లోపలికి పోతుంది. షుగరున్నవాళ్లకు ముప్పు చాలా ఎక్కువ. ఊపిరితిత్తుల్లో టీబీలాగే కనిపిస్తుంది, కాలేయంలో, ప్లీహంలో గడ్డలు కట్టిస్తుంది. మగవాళ్లలో ప్రోస్టేట్‌లో, పిల్లల్లో చెవి కింది లాలాజల గ్రంథిలో కూడా. వరి పండే నేల, షుగరు నిండిన ఊళ్లు, నాలుగు నెలల వాన. తెలంగాణకు, కోస్తాకు ఇంతకన్నా సరిపోయే జబ్బు ఏముంటుంది చెప్పండి? అయినా మనం ఆలోచించం, ఎందుకంటే ల్యాబులో దాన్ని పారేయదగిన క్రిమి అని రాస్తారు, వార్డులో ఆ మాట నమ్ముతారు.

రేడియాలజిస్టు అప్పుడే సీటీ మళ్లీ తెరిచారు. కాలేయంలో కూడా ఒక గడ్డ ఉంది, తేనెపట్టులా గదులు గదులుగా. "ఇది మీరు ముందే అడిగితే చెప్పేదాన్ని, నన్ను టీబీ ఉందా అని మాత్రమే అడిగారు" అన్నారు ఆవిడ. ఆ మాటలో కోపం లేదు. కానీ నాకు గుచ్చుకుంది. రిక్వెస్ట్ ఫారంలో మనం ఏం రాస్తామో దాన్ని బట్టే అవతలివాళ్ల కన్ను ఎటు పోవాలో తేలిపోతుంది. "జ్వరం, కారణం?" అని రాసి పంపితే, ఆ రెండు మాటల ప్రశ్నకు ఎవరు మాత్రం ఏం జవాబిస్తారు?

పీసీఆర్‌తో నిర్ధారణ అయింది. టీబీ మందులు ఆపాం. సెఫ్టాజిడిమ్ నరంలోకి. అతనికి జిల్లాలో పది రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చారు, పేర్లు దగ్గరగా ఉన్నాయి కాని ఈ జబ్బులో సెఫ్ట్రియాక్సోన్ మీద ఆధారపడకూడదు. రెండు వారాలు కనీసం, లోపల గడ్డలుంటే ఇంకా ఎక్కువ. మేం నాలుగు వారాలు ఇచ్చాం. జ్వరం తగ్గడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో పీజీలు రోజూ "మందు మారుద్దామా మేడం" అని అడిగేవాళ్లు. ఈ జబ్బులో జ్వరం ఆలస్యంగానే దిగుతుందని మైక్రోబయాలజీ ప్రొఫెసర్ చెప్పకపోయుంటే నేనూ మార్చేదాన్నే.

ఆ తర్వాత కనీసం మూడు నెలలు కోట్రైమాక్సజోల్ బిళ్లలు. ఇక్కడ ఫార్మసిస్టు మాట్లాడారు. బరువును బట్టి మోతాదు మామూలు కన్నా చాలా ఎక్కువ, రక్తంలో పొటాషియం చూడాలి, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే రావాలని కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలి. ఆ కాగితం సోషల్ వర్కర్ రాశారు. "జరం లేకున్నా గోలీలు మానొద్దు" అని పెద్దక్షరాల్లో. ఆ వాక్యం నేను రాసుంటే ఆయనకు అర్థమయ్యేది కాదు.

ఈ కేసు ఇంత సేపు చెప్పడానికి కారణం ఉంది. గుండెపోటు మనిషి ఒంట్లోనే మొదలై ఒంట్లోనే సాగుతుంది. అంటురోగం అలా కాదు. మడి బురదలోనో, ఎలుక మూత్రంలోనో, గొర్రె మావిలోనో, పక్కింటి నీళ్ల డ్రమ్ములోనో మొదలై మన వార్డులోకి వస్తుంది. వార్డుకు బయట జరిగిన సగం కథ డాక్టరుకు తెలిసే దారి లేదు. అది తెలిసినవాళ్లు వేరే ఉంటారు.

గొర్రె మావి అన్నాను కాబట్టి ఇంకో మాట. నడుం నొప్పితో, సాయంత్రం పూట చెమటలతో, నెలల తరబడి జ్వరంతో వచ్చిన ఒక గొర్ల కాపరి విషయంలో మా చర్చకు పశువైద్యుడిని పిలిచాం. ఆయన రోగిని అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఈ ఏడు మందల ఈసుకపోయినయా?" గొర్రెలకు నెలలు నిండకుండానే పిల్లలు పడిపోయాయా అని. అతను తలూపాడు. పన్నెండు గొర్రెలు. ఆ మావులు చేతులతోనే తీసి పారేశాడు. పశువుల నుంచి మనుషులకు అంటే బ్రూసెల్లోసిస్ అది. మా ల్యాబుకు ముందే ఫోన్ చేసి చెప్పాం, ఎందుకంటే ఆ కల్చర్ పెట్టేవాళ్లకే జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది. ఇది మెలియాయిడోసిస్‌కూ వర్తిస్తుంది. అనుమానం ఉంటే ల్యాబుకు చెప్పడం మన ధర్మం. ప్లేటు మూత తీసి వాసన చూసే అలవాటున్న టెక్నీషియన్లు ఇక్కడుంటే దయచేసి ఈరోజుతో మానేయండి.

స్క్రబ్ టైఫస్ జ్వరం సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. పొదల్లో ఉండే చిన్న పురుగు పిల్ల కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు, అందుకే రోగి చెప్పడు. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుం పట్టీ కింద ఉంటుంది, అందుకే మనం చూడం. మా వార్డులో ఎన్నోసార్లు ఆ మచ్చను కనిపెట్టింది ఒళ్లు తుడిచే ఆయమ్మలు. వెంటిలేటర్ మీదున్న ఒక అమ్మాయికి మూడు రకాల ఖరీదైన యాంటీబయాటిక్స్ నడుస్తున్నాయి, అన్నీ ఈ క్రిమి మీద పనిచేయని బీటా లాక్టమ్ మందులే. ఆయమ్మ పక్కబట్ట మారుస్తూ, "ఇక్కడ కాలినట్టుంది డాక్టరమ్మా" అంది. డాక్సీసైక్లిన్ ఎంత చవకో మీకు తెలుసు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరంలోకి ఇస్తే ఏదో ఒకటే ఇచ్చినదానికన్నా మేలని 2023లో మన దేశపు ఆసుపత్రుల్లోనే జరిగిన పరిశోధన తేల్చింది. ఆ పరిశోధన చదవాల్సిందే. కానీ దాన్ని వాడే అవకాశం మచ్చ చూసిన కంటి వల్ల వస్తుంది.

ఇదంతా కొత్త కాదు. 1900లో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి, తనతోపాటు గదిలో ఉండే న్యాయశాస్త్ర విద్యార్థి కేసుల మీద ఎంత ఉత్సాహంగా వాదించుకుంటున్నాడో చూసి, మనమెందుకు ఉపన్యాసాలు రాసుకుంటూ నిద్రపోతున్నాం అనుకున్నాడు. వైద్యాన్ని కూడా కేసులతో నేర్పమని రాశాడు. రిచర్డ్ కాబట్ అనే వైద్యుడు దాన్ని బోస్టన్‌లో ఆచారంగా మార్చాడు. కాబట్‌ దగ్గర నాకు నచ్చేదేమిటంటే, పెద్ద డాక్టరు అందరి ముందూ తన ఊహ చెప్పేవాడు, ఆ తర్వాత పాథాలజిస్టు లేచి నిజం చెప్పేవాడు. పెద్ద డాక్టరు తప్పు కావచ్చు, అది పిల్లల ముందే తేలేది.

ఇంకొకటి. 2003లో న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే మన దేశంలో పుట్టిన వైద్యుడు, హెపటైటిస్ సి రోగులు తన క్లినిక్ కోసం నెలల తరబడి ఎదురుచూడటం భరించలేక, పల్లె డాక్టర్లను వారం వారం వీడియోలో కూర్చోబెట్టి వాళ్ల కేసులే చర్చించడం మొదలుపెట్టాడు. ప్రాజెక్ట్ ఎకో అని పేరు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ పల్లె క్లినిక్కుల్లో జబ్బు నయమైన వాళ్ల శాతం యూనివర్సిటీ ఆసుపత్రికి దాదాపు సమానంగా వచ్చింది. ఆదిలాబాద్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్న డాక్టరుకు ఇలాంటి శుక్రవారం ఒకటి ఎందుకు ఉండకూడదు?

మన దగ్గరా జరిగింది, 2021 వేసవిలో. కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ కేంద్రంగా పెట్టారు. ఆ జబ్బును ఏ ఒక్క విభాగమూ ఒంటరిగా చూడలేదు. ముక్కు డాక్టరు కోయాలి, కంటి డాక్టరు కన్ను ఉంచాలా తీయాలా చెప్పాలి, షుగరు ఎవరో దించాలి, ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్‌కు కిడ్నీ తట్టుకుంటుందో లేదో ఇంకొకరు చూడాలి, ముక్కులోంచి తీసిన తునకను కేఓహెచ్ అనే రసాయనం చుక్కలో పెట్టి గంటలోపు చెప్పేవాళ్లు ఇంకొకరు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరినీ మీ విభాగం ఏదని అడగలేదు. ఆ ఉధృతి తగ్గగానే మళ్లీ ఎవరి గదుల్లోకి వాళ్లం వెళ్లిపోయాం. ఇది నన్ను బాధపెడుతుంది.

పీజీలు అడుగుతుంటారు, చర్చ ఎలా నడపాలి మేడం అని. జబ్బు పేరు పోస్టర్ మీద వేయకండి. వేశారంటే పరీక్ష అయిపోయినట్టే. కేసును రోగి అనుభవించిన వరసలో చెప్పండి, మీకు తెలిసిన వరసలో కాదు. మొదటి రోజు ఏం తెలుసో అంతవరకు చెప్పి ఆగండి, అందరితో కాగితం మీద ఒక ఊహ రాయించండి. రాస్తే తర్వాత "నేను అప్పుడే అనుకున్నాను" అనడానికి ఉండదు. మొదట అందరికన్నా చిన్నవాళ్లను మాట్లాడనివ్వండి. ప్రొఫెసర్ ముందు మాట్లాడితే ఆ తర్వాత మాట్లాడేవాళ్లంతా ఆయనకు వంత పాడతారు. నేను ఇప్పుడు చివరన మాట్లాడతాను, నాకది కష్టంగానే ఉంది.

రోగి మాటను రోగి మాటగానే రాయండి. "చలి పెట్టి జెరం" అంటే "ఇంటర్మిటెంట్ ఫీవర్ విత్ రైగర్స్" అని మార్చేస్తాం, బాగుంది. కానీ "సూదులు ఏస్తే తగ్గుతది" అన్నప్పుడు ఆ సూదిలో ఏముందో అడగాలి. చాలాసార్లు అందులో స్టెరాయిడ్ ఉంటుంది. జ్వరం అణిగి, జబ్బు లోలోపల పెరుగుతుంది. "టైఫాయిడ్ అయింది" అంటే ఒక్కసారి చేసిన విడాల్ పరీక్ష కాగితం చూపిస్తారు. 1896 నాటి ఆ పరీక్ష మన ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ పాజిటివ్ రావచ్చు. ఆ కాగితంతో నిజం టైఫాయిడ్ ఎంతమందికో, అటు పోయిన స్క్రబ్ టైఫస్ ఎంతమందికో, మన ల్యాబువాళ్లు కూర్చుని చెప్తే తప్ప తెలియదు. కాబట్టి మైక్రోబయాలజీ లేకుండా జ్వరం కేసు చర్చ పెట్టకండి. పెట్టాల్సి వస్తే వాయిదా వేయండి.

ఆ రైతు దగ్గరకు మళ్లీ వస్తాను. మూడు నెలల తర్వాత వచ్చాడు. నాలుగు కిలోలు పెరిగాడు, షుగరు అదుపులో ఉంది. అతన్ని చర్చకు పిలిచాం, అతను ఒప్పుకున్నాడు. టెక్నీషియన్ అమ్మాయిని చూపించి, మీ జబ్బు ముందు చూసింది ఈవిడే అని చెప్పాను. రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఆ అమ్మాయి ఆ రోజు కూర్చుంది.

తర్వాత నేను మామూలుగా చెప్పే జాగ్రత్తలు చెప్పాను. పుండు ఉంటే మడిలో దిగొద్దు, దిగితే మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకో అని. అతను ఓపికగా విన్నాడు. విని, "బూట్లేసుకుని కరిగెట్ల నడుస్తే కాలు ఇరుక్కుంటది మేడం, తీస్తే కాలొస్తది, బూటు బురదల్నే ఉంటది. మీరెన్నడన్న దిగిన్రా?" అని అడిగాడు.

దిగలేదు. ఆ గదిలో పద్దెనిమిది మందిమి ఉన్నాం, ఎవరూ దిగలేదు. షుగరున్న రైతు బురదలో నడవడానికి వీలుగా ఏం తొడుక్కోవాలో మాలో ఎవరికీ తెలియదు. వచ్చే శుక్రవారం చర్చకు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి ఎవరినైనా రమ్మని అడుగుతున్నాం, ఆ రైతునూ మళ్లీ రమ్మన్నాం. వెనక వరసల్లో వ్యవసాయ కుటుంబాల పిల్లలు ఉంటే, మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు కరిగెట్లోకి ఏం వేసుకుని దిగుతారో కనుక్కుని మీరూ రండి.